విండోస్ పీసీ, ఉబుంటు ల్యాప్‌టాప్ మధ్య సొంత వీపీఎన్: వైర్‌గార్డ్‌తో ఇలా సెట్ చేసుకోండి

ఊళ్లో నాన్న షాపులోని బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ 11 ప్రో ఉంది. హైదరాబాద్‌లో నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. లెక్కలు ఇక్కడి నుంచే చూద్దామని షాపు రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని నేరుగా ఓపెన్ చేశాను. నాలుగు రోజులకు విండోస్ సెక్యూరిటీ లాగ్ చూస్తే గుండె గుభేల్‌మంది. ఎవరెవరో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ వందలసార్లు లాగిన్‌కు ప్రయత్నించారు. వెంటనే ఆ పోర్ట్ మూసేసి వైర్‌గార్డ్‌కి మారాను.

ఎందుకు వైర్‌గార్డ్?

ఇది ఉచితం. 2020లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6 నుంచి అందులోనే భాగం. విండోస్‌కి యాప్ ఉంది. సరైన కీ లేనివాళ్లు తలుపు తడితే అసలు బదులే ఇవ్వదు.

షాపు పీసీలో

యాప్‌లో 'యాడ్ ఎంప్టీ టనెల్' నొక్కితే ప్రైవేట్, పబ్లిక్ కీలు వాటంతటవే తయారవుతాయి. అడ్రస్ 10.8.0.1/24, లిజన్ పోర్ట్ 51820 అని రాయండి. కింద పీర్ భాగంలో ల్యాప్‌టాప్ పబ్లిక్ కీ, అలౌడ్ ఐపీస్‌లో 10.8.0.2/32 ఇవ్వండి. రూటర్‌లో 51820ని ఈ పీసీకి ఫార్వర్డ్ చేయండి. టీసీపీ కాదు, యూడీపీ! నేను ఇక్కడే గంటసేపు ఇరుక్కున్నాను.

ఉబుంటులో

వైర్‌గార్డ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి కీలు తయారు చేసుకోండి. కాన్ఫిగ్ ఫైల్‌లో అడ్రస్ 10.8.0.2/24. పీర్‌గా షాపు పీసీ పబ్లిక్ కీ, అలౌడ్ ఐపీస్ 10.8.0.1/32, ఎండ్‌పాయింట్‌గా షాపు పబ్లిక్ ఐపీ, పోర్ట్ 51820. ప్రైవేట్ కీ మాత్రం ఏ మెషీన్‌ది ఆ మెషీన్‌లోనే ఉండాలి. వాట్సాప్‌లో పంపుకోవద్దు.

కనెక్ట్ కాకపోతే?

'లేటెస్ట్ హ్యాండ్‌షేక్' లైన్ చూడండి. అది కనిపిస్తున్నా పింగ్ రావట్లేదంటే వీపీఎన్ బాగానే ఉన్నట్టు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతోందేమో చూడండి. హ్యాండ్‌షేకే లేకపోతే కీలు, రూటర్, ఫైర్‌వాల్‌లో 51820 అనుమతి వరసగా చెక్ చేయండి. రూటర్‌కి వచ్చిన ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది మీ ఒక్కరిది కాదు, పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగండి, లేదా టెయిల్‌స్కేల్ వాడండి.

ఇప్పుడు నేను రెమ్మినాలో 10.8.0.1 అని కొడితే షాపు స్క్రీన్ వచ్చేస్తుంది. లాగ్‌లో తెలియనివాళ్ల ప్రయత్నాలు ఒక్కటీ లేవు. మీ రూటర్‌లోనూ 3389 తెరిచి ఉంటే, ఈ రాత్రికే మూసేయండి.