నగర్‌నార్ మట్టికి ఫోన్‌లో అంగడి

నగర్‌నార్ అనగానే ఇప్పుడు ఎవరికైనా ఉక్కే గుర్తొస్తుంది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న కర్మాగారం అది. 2023 అక్టోబరు 3న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. కట్టింది ఎన్‌ఎండీసీ. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది. అయితే ఆ కొలిమి రాజుకోక ముందు నుంచే ఈ ఊళ్లో కుమ్మరి ఆవాలు మండుతున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మట్టి బొమ్మలకు పేరున్న కొద్ది ఊళ్లలో నగర్‌నార్ ఒకటి. కొండగావ్ దగ్గరి కుమ్హార్‌పారా, నారాయణ్‌పుర్ కూడా ఆ కోవలోవే.

చేతిపని వాళ్లకు ఈ మధ్య ఎవరిని అడిగినా ఒకే సలహా వస్తోంది: ‘ఇన్‌స్టాలో పెట్టండి, దేశమంతా కొంటుంది’. కొండగావ్ ఢోక్రా పనివాళ్లకు ఆ మాట చాలావరకు సరిపోతుంది. ఇత్తడి బొమ్మ ఎన్ని చేతులు మారినా పగలదు, చిన్న పెట్టెలో పడుతుంది, ధర కూడా రవాణా ఖర్చును మోయగలదు. మట్టి ఏనుగు సంగతి వేరు. దారిలో ముందు విరిగేది తొండం, తర్వాత చెవులు. గడ్డి, అట్టపెట్టె, బరువు అన్నీ కలిపి లెక్కేస్తే కొన్నిసార్లు బొమ్మ ధరకన్నా కొరియర్ ఛార్జీయే ఎక్కువవుతుంది. పగిలిన బొమ్మ ఫొటో ఒక్కటి కామెంట్లలోకి వచ్చిందంటే నెలల తరబడి సంపాదించుకున్న పేరు పోతుంది.

అందుకే నా ఉద్దేశంలో నగర్‌నార్ కుమ్మరి ఫోన్ పట్టుకుని మొదట వెతకాల్సింది ఢిల్లీ కొనుగోలుదారును కాదు, గంట ప్రయాణం దూరంలో ఉన్నవాళ్లను. కర్మాగారంతో పాటు ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, వాళ్ల కుటుంబాలు వచ్చాయి. పదహారు కిలోమీటర్లు వెళితే జగదల్‌పుర్. అక్కడి హోటళ్లకు, కొత్త ఇళ్లకు పూలకుండీలు కావాలి, గుమ్మం ముందు ఏనుగులు కావాలి. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలకు వచ్చే పర్యాటకులు కారులో వస్తారు కాబట్టి బొమ్మను ఒళ్లో పెట్టుకునైనా తీసుకెళ్తారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ రైలు జగదల్‌పుర్‌లో ఆగుతుంది. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి విమానం మొదలైంది. నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా వచ్చే 63వ జాతీయ రహదారి ఈ వైపుగానే ఒడిశాలోని కోట్‌పాడ్‌కు పోతుంది.

ఇంత దగ్గరి గిరాకీ కోసం ప్రకటనలకు డబ్బు పోయనక్కర్లేదు. గూగుల్ మ్యాప్‌లో ఆవం ఉన్న చోటును నమోదు చేయడం ఉచితం. దారి తెలియక వెనుదిరిగే పర్యాటకులు ఎందరో ఉంటారు. వాట్సాప్ బిజినెస్ కూడా ఉచితమే. అందులోని కేటలాగ్‌లో ఒక్కో వస్తువుకు ఫొటో, ధర, ఎత్తు పెట్టొచ్చు. ఎత్తు తప్పనిసరిగా రాయాలి. ఫొటోలో జానెడు బొమ్మా మోకాలెత్తు బొమ్మా ఒకేలా కనిపిస్తాయి, తగాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. బొమ్మ పక్కన ఒక చేయి ఉంచి ఫొటో తీస్తే ఆ బాధ ఉండదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి చాలామంది చిన్న వ్యాపారులకు తెలియని సంగతి ఒకటుంది. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న వాళ్లకే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి బొమ్మ చేతికిస్తున్నప్పుడే ‘నా నంబరు సేవ్ చేసుకోండి’ అని అడగాలి. మరచిపోయారంటే ఎన్ని సందేశాలు పంపినా గోడకు చెప్పినట్టే.

రీల్స్‌లో ఏం చూపించాలి? ధరలు, డిస్కౌంట్లు అందరూ చూపిస్తారు. నగర్‌నార్ దగ్గర అంతకన్నా విలువైనది ఉంది. సారె మీద తీసిన మట్టి గొట్టాలు కాళ్లుగా మారడం, తడి వేలితో అతుకు కనబడకుండా రాయడం, చిటికెడు మట్టిని నలిపి మెడలో గంటలు పేర్చడం, చివరికి ఆవం విప్పినప్పుడు బూడిదలోంచి ఎర్రగా బయటపడే ఏనుగు. సినిమా పాట పెట్టక్కర్లేదు, సారె చప్పుడే చాలు. మాట స్థానిక భాషలైన హల్బీలోనో భత్రీలోనో సాగనివ్వాలి. ధర, చిరునామా మాత్రం హిందీలో, వీలైతే తెలుగులో రాస్తే బయటివాళ్లకు అందుతుంది.

ఈ ఏనుగు అలంకారం కోసం పుట్టింది కాదు. మొక్కు తీరినవాళ్లు దేవగుడిలో మట్టి ఏనుగునో గుర్రాన్నో సమర్పించుకుంటారు. ఆ నేపథ్యం తెలిస్తే కొనేవాళ్లు బేరమాడే తీరే మారుతుంది. కానీ దేవగుడిలోని మొక్కుబడి బొమ్మలను వీడియో తీసి అమ్మకానికి వాడుకోకూడదు. ఆ గీత దాటకుండా చూసుకోవాల్సింది ఊరివాళ్లే.

డబ్బు దగ్గరా జాగ్రత్త అవసరం. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కాల్సిన పని లేదు. ఎవరైనా నొక్కమన్నారంటే అది మోసమే. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకూడదు, ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే ఇవ్వాలి. ఆన్‌లైన్ వేదికల్లో అమ్మాలంటే జీఎస్టీ తప్పదేమోనని వెనుకాడే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు దొరికింది. టర్నోవరు పరిమితి లోపు ఉంటే, సొంత రాష్ట్రంలో అమ్మకాలకు రిజిస్ట్రేషన్ లేకుండానే ఆ వేదికల మీద సరుకు పెట్టొచ్చు.

అయితే ప్రచారం కన్నా ముందు పనితనం ఉండాలి. మన ఏటికొప్పాకనే చూడండి. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని వాటిని ప్రస్తావించారు. అక్కడి బొమ్మల కళాకారుడు సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఆ పేరు ఫోన్లలో తిరగడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన రసాయన రంగులు మాన్పించి ఆకులు, గింజలు, బెరళ్ల రంగులను తిరిగి తెచ్చే పనికి పూనుకున్నారు. నగర్‌నార్‌లో దానికి సాటి పని కాల్పు. సరిగా కాలని బొమ్మ ఒక్క వానకే పెచ్చులూడుతుంది. అలాంటి వాటిని కేటలాగ్‌లోకి రానివ్వకూడదు.

వానాకాలంలో మట్టి ఆరదు, ఆవం పెట్టడం కష్టం. ఆ నెలల్లోనే ఫోన్‌తో ఎక్కువ పని. 75 రోజుల బస్తర్ దసరా హరేలీ అమావాస్యతో, అంటే మన లెక్కలో ఆషాఢ అమావాస్యతో మొదలవుతుంది. ఆ రోజుకల్లా కేటలాగ్ సిద్ధం చేసి, కొంత అడ్వాన్సు తీసుకుని, దీపావళి ప్రమిదలకు అప్పుడే బుకింగులు మొదలుపెట్టొచ్చు.