రెండు కార్డులు... ఒకటే ప్లగ్గు!

గీజరుకీ ఏసీకీ విడిగా సాకెట్లు పెట్టించుకుంటాం. కంప్యూటర్‌ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏ ప్లగ్గు ఖాళీగా ఉంటే అందులో పెట్టేస్తాం. మామూలు కంప్యూటరైతే ఫర్వాలేదు. రెండేసి గ్రాఫిక్స్‌ కార్డులున్న దానితోనే చిక్కంతా!

వరంగల్‌ చదువుల ఊరు. 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీగా మారిన సంస్థ ఉన్నదిక్కడే. ఇలాంటి చోట కృత్రిమ మేధ ప్రాజెక్టుకనో, యానిమేషన్‌కనో పిల్లలు రెండో కార్డు అడిగితే ఆశ్చర్యమేముంది? కాకపోతే కొనేముందు ఓ లెక్క వేసుకోవాలి.

2020లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్‌ 3090 కార్డు ఒక్కటే 350 వాట్లు తీసుకుంటుంది. రెండుంటే 700. ప్రాసెసర్‌కి 200, ఫ్యాన్లూ డిస్కులూ వగైరాలకు 100 అనుకుంటే మొత్తం 1000 వాట్లు. ఎస్‌ఎంపీఎస్‌ 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా గోడ నుంచి లాగేది సుమారు 1,110 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 4.8 ఆంపియర్లు. వోల్టేజీ 200కు పడిపోతే 5.5! ఇంట్లోని చిన్న సాకెట్‌ తట్టుకునేది 6 ఆంపియర్లే. అదే ఎక్స్‌టెన్షన్‌ బోర్డుకు ఇస్త్రీపెట్టె కూడా తగిలిస్తే..? అందుకే ఇలాంటి కంప్యూటర్‌కు సరైన ఎర్తింగ్‌ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌ విడిగా ఉండాలి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌ దీనికి ఏమాత్రం చాలదు.

ఇక డబ్బా లోపలి సంగతి. కార్డును గుచ్చే స్లాట్‌ 75 వాట్లు ఇస్తుంది. 8 పిన్నుల కనెక్టర్‌ 150 ఇస్తుంది. ఒకే కేబుల్‌ను చీల్చి రెండు చోట్ల పెడితే భారమంతా ఆ తీగల మీదే. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది! కాబట్టి ఒక్కో కనెక్టర్‌కు ఒక్కో కేబుల్‌ వేయాలి. హార్డ్‌డిస్కుకిచ్చే సాటా కనెక్టర్‌ 54 వాట్లకు మించి ఇవ్వలేదు. దాన్నుంచి అడాప్టర్‌తో కార్డుకు కరెంటివ్వడం ప్రమాదమే. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌ కేబుళ్లు మరో కంపెనీదానికి వాడకూడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస మారిపోవచ్చు.

2022లో ఆర్‌టీఎక్స్‌ 4090 కార్డుల కనెక్టర్లు కరిగిపోవడం ప్రపంచమంతా చూసింది. కనెక్టర్‌ పూర్తిగా లోపలికి దిగకపోవడమే ముఖ్య కారణమని ఎన్విడియా చెప్పింది. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు మరి!

కార్డులు క్షణకాలం మామూలుకంటే ఎక్కువ లాగుతుంటాయి. కాబట్టి 1000 వాట్ల భారానికి 1300 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ మేలు. పైసా ఖర్చులేని ఉపాయం ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కార్డును 350 బదులు 280 వాట్లకు పరిమితం చేయొచ్చు. వేగం పెద్దగా తగ్గదు, 140 వాట్లు మిగులుతాయి.

ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా, కాలిన వాసన వచ్చినా ముందు స్విచ్‌ ఆపేయండి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు!