ఇరకం దీవికి డ్రోన్‌లో మందులు పంపొచ్చా? అయ్యే పనేది, కానిదేది

నగరి కొండల్లో ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన శిఖరం ఒకటి ఉంది. ఇంగ్లిష్ వాళ్ల పాత పటాల్లో దాని పేరు ‘నగరి నోస్’. అప్పట్లో ఈ తీరం వెంట వచ్చే ఓడలకు అదో గుర్తు. ఆ తీరంలోనే పులికాట్ సరస్సు ఉంది, సరస్సు మధ్యలో ఇరకం దీవి ఉంది. తిరుపతి జిల్లా తడ మండలంలోని ఈ ఊరికి వెళ్లాలంటే భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కాలి. సరుకులైనా, స్కూలు పుస్తకాలైనా, జ్వరం మాత్రలైనా దారి అదే.

రాత్రి పూట, గాలివానలో ఆ పడవ కదలకపోతే పరిస్థితి ఏంటి? డ్రోన్లతో మందులు, రక్తం, టీకాలు పంపుతున్నారని కొన్నేళ్లుగా వార్తలు చదువుతూనే ఉన్నాం. ఇరకం లాంటి ఊరికి అవి నిజంగా పనికొస్తాయా? తేల్చాలంటే రెండు విషయాలు చూడాలి. డ్రోన్ ఎంత బరువు మోస్తుంది? అది దిగిన చోట ఆ పెట్టె తెరిచి వాడేవారు ఎవరు?

డ్రోన్ ఎంత మోస్తుంది?

పొలాల్లో మందు కొట్టే డ్రోన్లను మీరు చూసే ఉంటారు. అందులో ఎక్కువగా వాడేది 10 లీటర్ల ట్యాంకు ఉన్నది. ట్యాంకు నిండా ఉంటే అది పది, పదిహేను నిమిషాల్లో బ్యాటరీ మార్చుకోవడానికి కిందకు దిగుతుంది. నాలుగైదు రెక్కలతో నిటారుగా లేచే డ్రోన్లన్నిటిదీ ఇదే తంతు. గాల్లో నిలబడటానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. బరువు పెంచితే దూరం తగ్గుతుంది, దూరం పెంచాలంటే బరువు తగ్గించుకోవాలి.

దీనికి విరుగుడుగా మరో రకం వచ్చింది. హెలికాప్టర్‌లా నిటారుగా లేచి, పైకి వెళ్లాక విమానంలా రెక్కల మీద సాగిపోయేది. పదుల కిలోమీటర్లు వెళ్లగలదు కాబట్టి ఆసుపత్రుల మధ్య రవాణాకు ఇలాంటివే ఎక్కువగా వాడుతున్నారు. మోసేది మాత్రం సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే. అంటే బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్ పంపే ఆలోచన పక్కన పెట్టేయొచ్చు. ఒక యూనిట్ రక్తం అరకిలో లోపే ఉంటుంది. టీకా సీసాలు, ఇన్సులిన్, రక్త నమూనాల గొట్టాలు అంతకన్నా తేలిక. బరువు తక్కువ, అవసరం ఎక్కువ అనే ఈ చిన్న జాబితాకే డ్రోన్ సరిపోతుంది.

పెట్టెలో చల్లదనం కూడా ముఖ్యమే. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ప్లేట్‌లెట్లకు 20 నుంచి 24 డిగ్రీలు కావాలి, ఫ్రిజ్‌లో పెడితే పాడవుతాయి. మే నెలలో మన ఎండకు పెట్టెలో ఐస్ ప్యాకులు పెట్టక తప్పదు. వాటి బరువు కూడా ఆ రెండు, మూడు కిలోల లెక్కలోకే వస్తుంది.

మన దగ్గర ఇప్పటిదాకా ఏం చేశారు?

తెలుగు రాష్ట్రాల్లో మొదటి పెద్ద ప్రయత్నం వికారాబాద్‌లో జరిగింది. 2021 సెప్టెంబర్ 11న ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ పేరుతో తెలంగాణ ప్రభుత్వం ట్రయల్స్ మొదలుపెట్టింది. వరల్డ్ ఎకనామిక్ ఫోరం, నీతి ఆయోగ్, అపోలోకు చెందిన హెల్త్‌నెట్ గ్లోబల్ ఇందులో భాగస్వాములు. వికారాబాద్ ఏరియా ఆసుపత్రి చుట్టుపక్కల 16 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఎంచుకున్నారు. ముందు కంటికి కనిపించే దూరంలో ఎగరేసి చూసి, తర్వాత కనుచూపు దాటి పంపారు.

దీవికి పంపిన ఉదాహరణ అదే ఏడాది మణిపూర్‌లో కనిపిస్తుంది. 2021 అక్టోబర్ 4న ఐసీఎంఆర్ ‘ఐ-డ్రోన్’ కార్యక్రమం కింద బిష్ణుపూర్ జిల్లా ఆసుపత్రి నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ దీవికి కొవిడ్ టీకాలు పంపారు. రోడ్డు దారిన 26 కిలోమీటర్లు, గాల్లో 15 కిలోమీటర్లు. డ్రోన్‌కు పట్టింది 12 నుంచి 15 నిమిషాలు. ఆ రోజు అక్కడి పీహెచ్‌సీలో 10 మందికి మొదటి డోసు, 8 మందికి రెండో డోసు వేశారు. సరస్సు, మధ్యలో దీవి, అవతల ఒడ్డున ఆసుపత్రి. ఇరకానికి దగ్గరి పోలిక ఇదే. ఒక్క తేడా ఉంది. కరాంగ్‌లో టీకా వేయడానికి పీహెచ్‌సీ, సిబ్బంది ముందే ఉన్నారు.

2024 అక్టోబర్ 29న ప్రధాని మోదీ దేశంలోని 11 పెద్ద వైద్య సంస్థల్లో డ్రోన్ సేవలను ప్రారంభించారు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మంగళగిరి డ్రోన్ వెళ్లింది నూతక్కి పీహెచ్‌సీకి. బీబీనగర్‌లోనైతే పల్లెల నుంచి టీబీ అనుమానితుల కళ్లె నమూనాలను డ్రోన్‌లో ల్యాబ్‌కు తెప్పించి చూశారు.

ఇవన్నీ చదివాక ఒక మాట అనిపిస్తుంది. ప్రారంభోత్సవం రోజున ఎగిరిన డ్రోన్ ఫొటో అందరికీ దొరుకుతుంది. ఆరు నెలల తర్వాత అదే దారిలో వారానికి ఎన్ని ట్రిప్పులు తిరుగుతోందన్న లెక్కే సేవ నడుస్తోందో లేదో చెబుతుంది. మీ జిల్లాలో ఇలాంటిది మొదలైతే అడగాల్సిన లెక్క అదే.

విజయవాడ వరదల్లో ఏం తెలిసింది?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ దీవులయ్యాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలిన రోజులవి. పడవలు దూరలేని వీధుల్లోని మేడల మీదకు డ్రోన్లతో ఆహార పొట్లాలు, నీళ్లు, మందులు పంపారు. ఒక్కోటీ మోయగలిగింది ఎనిమిది, పది కిలోలు.

చూడటానికి బాగుంది, చిక్కుకుపోయిన వాళ్లకు ధైర్యమూ ఇచ్చింది. కానీ లెక్క వేసి చూడండి. నలుగురున్న ఇంటికి ఒక పూట భోజనం, తాగునీళ్లు కలిపితే ఐదారు కిలోలు తేలిగ్గా దాటుతుంది. వేల ఇళ్లకు అలా పంపడం అయ్యే పని కాదు. పడవలు, ట్రాక్టర్లు, మోకాలి లోతు నీళ్లలో నడిచిన మనుషులే ఎక్కువ భారం మోశారు. డ్రోన్ ఉపయోగం తెలిసేది పాల డబ్బా, బీపీ మాత్రలు, ఇన్సులిన్ కావాల్సిన ఒక్క ఇంటి దగ్గరే.

పాము కరిస్తే మందు ఎగిరొస్తే చాలా?

చాలామందికి మొదట తట్టే ప్రశ్న ఇదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర... ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో ఒకటే విరుగుడు మందు వాడతారు. మొదటి విడతలో సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ ఇస్తారు. మన దగ్గర ఇది ఎక్కువగా పొడి రూపంలో దొరుకుతుంది. పెట్టెతో కలిపినా కిలో లోపే ఉంటుంది కాబట్టి డ్రోన్‌కు అది బరువే కాదు.

చిక్కంతా పెట్టె దిగాక మొదలవుతుంది. ఈ మందును నీటితో కలిపి నరంలోకి ఎక్కించాలి. కొందరికి దానివల్లే తీవ్రమైన అలర్జీ వస్తుంది. అప్పుడు వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేయాలి, పక్కన డాక్టర్ ఉండాలి. నాగుపాము, కట్లపాము విషం ఊపిరినే ఆపేయగలదు. అప్పుడు కృత్రిమ శ్వాస కావాలి. ఇవేవీ డ్రోన్ మోసుకురాలేదు. కాబట్టి డాక్టర్ లేని దీవిలో పాము కరిస్తే సరైన పని ఒకటే. కరిచిన కాలు కదపకుండా, కోయకుండా, గట్టిగా కట్టకుండా మనిషిని పడవలో ఒడ్డుకు చేర్చాలి. డ్రోన్ వస్తుందని ఎదురుచూస్తే విలువైన గంట పోతుంది.

అదే మందు మరో చోట ఉపయోగపడుతుంది. డాక్టర్ ఉండి, స్టాకు అయిపోయిన పీహెచ్‌సీకి జిల్లా స్టోర్ నుంచి పావుగంటలో పంపొచ్చు. రువాండాలో జిప్‌లైన్ సంస్థ 2016 నుంచి చేస్తున్నది ఇలాంటిదే. ఆసుపత్రి నుంచి ఆర్డర్ రాగానే రక్తం ప్యాకెట్‌ను విమానం లాంటి డ్రోన్‌లో పంపి, పారాచూట్‌తో జారవిడుస్తారు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం రోడ్డు కంటే సగటున 79 నుంచి 98 నిమిషాలు ఆదా అయ్యాయి. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించిన అంకె మరొకటుంది. ఏడాది తర్వాత గడువు తీరి పారబోసే రక్తం 67 శాతం తగ్గింది. అడిగితే వెంటనే వస్తుందన్న నమ్మకం ఉంటే చిన్న ఆసుపత్రులు ముందుజాగ్రత్తగా దాచుకుని వృథా చేయాల్సిన పని లేదు.

తిరుగు ప్రయాణంలోనే లాభం ఎక్కువ

దీవికి ఏం పంపాలన్నదే అందరూ ఆలోచిస్తారు. దీవి నుంచి ఏం తేవాలన్నది అంతకన్నా పెద్ద విషయమని నా అభిప్రాయం. గర్భిణికి రక్త పరీక్ష, షుగర్ పరీక్ష, టీబీ అనుమానం ఉంటే కళ్లె పరీక్ష. వీటి కోసం ఒక మనిషి పని మానుకుని పడవెక్కి, ఒడ్డున బస్సో ఆటోనో పట్టుకుని వెళ్లి, రిపోర్టు కోసం మళ్లీ మరో రోజు తిరగాలి. కూలి పోతుంది, ఛార్జీలు అదనం. చాలామంది పరీక్ష మానేసేది అందుకే.

రక్తం తీయడానికి ఏఎన్‌ఎం చాలు. గొట్టాలు డ్రోన్‌లో వెళ్తే మనిషి కదలక్కర్లేదు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. వారానికి రెండు రోజులు టైమ్ పెట్టుకుని తిరిగే ఇలాంటి డ్రోన్ వార్తల్లోకి ఎక్కకపోవచ్చు గానీ, ఊరికి ఎక్కువ మేలు చేసేది అదే.

శ్రీహరికోట పక్కన ఎగరనిస్తారా?

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం దేశ గగనతలాన్ని పచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విభజించారు. పచ్చ జోన్‌లో 400 అడుగుల లోపు ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపు అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ను అడగాలి. ఎరుపు అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఏ ఊరు ఏ రంగులో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఉమ్మడి చిత్తూరు, దాని పక్క తీరంలో ఈ రంగులు ఊరికే వేసినవి కావు. రేణిగుంటలో విమానాశ్రయం ఉంది. తిరుమల కొండపై డ్రోన్లు నిషేధం, సరదాగా కెమెరా ఎగరేసి కేసుల్లో ఇరుక్కున్న వాళ్లున్నారు. పులికాట్‌కు ఆనుకునే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. రాకెట్ ప్రయోగం ఉందంటే విమానాలకూ, సముద్రంలో పడవలకూ ముందే హెచ్చరికలు ఇస్తారు. ఇరకానికి రోజువారీ డ్రోన్ దారి వేయాలంటే మొదట మాట్లాడాల్సింది ఆరోగ్య శాఖతో కాదు, షార్‌తో.

ఇంకో అనుమతి కూడా ఉంది. పులికాట్ పక్షుల అభయారణ్యం. చలికాలంలో ఫ్లెమింగోలు వేలల్లో వాలే నీళ్లివి. తక్కువ ఎత్తులో గుయ్యిమంటూ వెళ్లే యంత్రం వాటిని చెదరగొడుతుంది. కాబట్టి అటవీ శాఖ చెప్పే దారి, ఎత్తు, సమయం పాటించాలి.

కనుచూపు దాటి ఎగరడం మరో మెలిక. పైలట్‌కు కనిపించనంత దూరం పంపాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. వికారాబాద్‌కు కేంద్రం అలా మినహాయింపు ఇచ్చాకే ట్రయల్స్ జరిగాయి.

పడవ ఆగితే డ్రోన్ ఎగురుతుందా?

అందరూ ఆశపడేది ఇక్కడే, నిరాశ ఎదురయ్యేదీ ఇక్కడే. మన తీరానికి పెద్ద వానలు, తుపాన్లు వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. పడవలు ఆగేది ఆ గాలికే. చిన్న డ్రోన్లలో చాలావాటికి గంటకు 40 కిలోమీటర్ల గాలే దాదాపు హద్దు. జోరు వానలో ఎగరగలిగేవీ తక్కువే. జర్మనీలో డీహెచ్ఎల్ సంస్థ 2014లో 12 కిలోమీటర్ల సముద్రం దాటించి యూస్ట్ దీవికి మందులు పంపింది. అప్పుడు కూడా వాతావరణం అనుకూలిస్తేనే ఎగరేసింది.

కాబట్టి తుపాను హెచ్చరిక వచ్చాక డ్రోన్ మీద ఆశ పెట్టుకోవడం కంటే, హెచ్చరిక రాకముందే పది రోజుల మందులు దీవికి చేర్చడం తెలివైన పని. నెలలు నిండిన గర్భిణులను ముందే ఒడ్డుకు తీసుకురావాలి. తుపాను దాటి గాలి తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులు మాత్రం డ్రోన్‌వే. రేవు బాగుచేసి పడవలు కదిలేలోపు అది నాలుగుసార్లు తిరిగి రాగలదు.

నగరి వైపు చూస్తే మనకు సరస్సు లేదు గానీ కుశస్థలి ఉంది. నది పొంగి కాజ్‌వే మునిగితే అవతలి పల్లె రెండు రోజులు దీవే అవుతుంది. అక్కడ దూరం కిలోమీటరు కూడా ఉండదు. మందు కొట్టే డ్రోన్‌కు కూడా అది చాలా దగ్గర. ప్రత్యేక ప్రాజెక్టు ఏమీ అక్కర్లేదు. మండలంలో డ్రోన్ నడిపే లైసెన్సున్న వాళ్లెవరు, మందుల పెట్టె ఎవరు సర్దుతారు, అవతల ఏ బడి ఆవరణలో దించాలి, అక్కడ ఏ ఆశా కార్యకర్త అందుకోవాలి అన్నది వానలు రాకముందే తహసీల్దార్ ఆఫీసులో రాసి పెట్టుకుంటే సరిపోతుంది.