ఓజోను అంకెలు - వాని సాక్ష్యము

ఓజోను పొరకు రంధ్రము పడిన సంగతి ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరిగినదే. దానిని ఎట్లు కనుగొనిరని అడిగినచో తరచుగా ఒక కథ వినవచ్చును: అమెరికా ఉపగ్రహము ఆ రంధ్రమును ముందే చూచినదట, కాని "ఇంత తక్కువ విలువ అసంభవము" అని గణన యంత్రము ఆ అంకెలను పారవైచినదట. కథ బాగున్నది, అచ్చయి కూడ ఉన్నది. అయినను పూర్తిగా నిజము కాదు. నిజమేదో తెలియుటకు ఆ అంకెల పుట్టుక నెరుగవలెను.

ఒక ప్రదేశముపై నిలువునా వ్యాపించియున్న ఓజోను నంతటిని సున్న డిగ్రీల వద్ద, సముద్రమట్టపు పీడనములో ఒక్కచోట చేర్చినచో 3 మిల్లీమీటర్ల మందము వచ్చెననుకొందము. దానిని 300 డాబ్‌సన్ ప్రమాణము లందురు. డాబ్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1920 తరువాతి దశాబ్దములో నిర్మించిన పరికరము, సూర్యకాంతిలోని రెండు అతినీలలోహిత తరంగములను పోల్చి చూచును. ఓజోను ఒకదానిని ఎక్కువగాను, రెండవదానిని తక్కువగాను పీల్చుకొనును. ఆ తేడాయే కొలత.

తొందరపడు విద్యార్థికి ఇచ్చట ఒక గొయ్యి కలదు. కొడైకెనాల్ వంటి ఉష్ణమండల ప్రదేశములలో ఈ విలువ సాధారణముగా 260 ప్రాంతముననే యుండును. 300 కంటె తక్కువ గనుక అచ్చట పొర చెడినదనుట పొరపాటు. ఓజోను అధికముగా ఉష్ణమండలమునందే పుట్టును గాని, పై గాలులు దానిని ధ్రువముల వైపు తరలించుకొని పోవును. కావున ఒక చోటును దాని పాత లెక్కతోనే, అదే నెలతోనే పోల్చవలెను.

అంటార్కిటికాలో బ్రిటిషు వారి హేలీ కేంద్రమునకు అట్టి లెక్క 1956 నుండి కలదు. తొలి సంవత్సరములలో 300కు అటునిటుగా నుండిన అక్టోబరు సగటు, 1984 నాటికి 200 సమీపమునకు దిగినది. జపాను శాస్త్రజ్ఞుడు చుబాచి స్యోవా కేంద్రములో 1982లోనే తక్కువ విలువలను చూచి, 1984లో ప్రకటించెను. కాని ఒక్క ఏటి లెక్కలో తరుగుదల కనిపింపదు గదా! హేలీ పరికరము ముసలిదై తప్పు చెప్పుచున్నదేమోయని ఫార్మన్ శంకించెను. క్రొత్త పరికరము వచ్చినది; అదియు ఆ మాటే చెప్పినది. 1985 మే నెలలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ తమ వ్యాసమును 'నేచర్' పత్రికలో ప్రకటించిరి.

మరి ఉపగ్రహము మాట యేమి? 1978లో ఎగిరిన నింబస్-7 లెక్కలలో 180 కంటె తక్కువ విలువలకు "శంకింపదగినది" అను గుర్తు పడెడిది; అంకె మాత్రము నిలిచియే యుండెడిది. 1983 అక్టోబరు లెక్కలలో ఆ గుర్తులు గుంపులుగా కనిపింపగా, 1984లో నాసా శాస్త్రజ్ఞులు వానిని దక్షిణ ధ్రువమునందలి భూతల కేంద్రపు కొలతలతో సరిచూచిరి. అచ్చట 300! ఉపగ్రహము నిన్నటిది, డాబ్‌సన్ పరికరము దశాబ్దముల పేరు గలది. పేరును బట్టియే తీర్పు చెప్పినచో ఉపగ్రహము ఓడిపోవలసినదే. కాని ధ్రువమునందు ఆ పరికరమును తప్పు తరంగదైర్ఘ్యములపై నడిపిరని తరువాత తేలినది. మంచి పరికరమే, వాడుక తప్పు. నాసాలో పనిచేయుచుండిన పవన్ భార్తియా, ఆయన సహచరులు ఉపగ్రహపు అంకెలు నిజమేయని నిశ్చయించుకొని, 1985 ఆగస్టులో జరుగవలసిన సభకు వ్యాసము పంపిరి. అంతలో ఫార్మన్ వ్యాసము ముందు వెలువడినది. హేలీ చెప్పినది ఒక్క చోటి సంగతి. అది ఎంత మేరకు వ్యాపించెనో చూపినది ఉపగ్రహమే.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఓజోను తగ్గినకొలది నేలను చేరు అతినీలలోహిత కిరణములు పెరుగును. వానివలన చర్మపు కాన్సరు, కంటి శుక్లములు, పైరులకు హాని కలుగును. శీతలీకరణ యంత్రములలో వాడిన క్లోరోఫ్లోరో కార్బనులే దోషులని రూఢియైనది. 1987 సెప్టెంబరులో మాంట్రియల్ ఒడంబడికపై దేశములు సంతకములు చేసిరి.

ఉపాధ్యాయుడు తరగతికి 2019, 2020 సంవత్సరముల అంకెలను మాత్రమే ఇచ్చి చూడవచ్చును. 2019లో రంధ్రము 1982 తరువాత ఎన్నడును లేనంత చిన్నది. మరుసటి యేడు చాల పెద్దది, ఎక్కువ కాలము నిలిచినది. మొదటి అంకెను చూచినవాడు జబ్బు కుదిరినదనును, రెండవదానిని చూచినవాడు ఒడంబడిక విఫలమైనదనును. నిజమునకు 2019లో అంటార్కిటికాపై ఎగువ గాలి అసాధారణముగా వేడెక్కుటచే ఓజోను నాశము తగ్గినది, అంతే. అనేక సంవత్సరముల కొలతలను కూర్చి 2022లో శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారము, అచ్చటి ఓజోను 1980 నాటి స్థితికి చేరుట 2066 ప్రాంతమున.