కొర్రమీను గాలమునకు వానకాలపు విరామము

మన పల్లె చెరువులలో గాలమునకు చిక్కు చేపలలో కొర్రమీనుకున్న పేరు మరి దేనికిని లేదు. తెలంగాణ రాష్ట్రము 2016లో దీనిని రాష్ట్ర మత్స్యముగా స్వీకరించినది. దీనికి ముండ్లు తక్కువ, రుచి ఎక్కువ. అంగడికి ప్రాణముతో చేరును గనుక మంచి ధర పలుకును. ఇట్టి చేప మన చెరువులో తరగిపోకుండ ఉండవలెనన్న, గాలమును ఎప్పుడు వేయరాదో తెలిసికొనవలెను.

కొర్రమీను తలలో మొప్పలేగాక గాలి పీల్చు అవయవము వేరుగా కలదు. అందుచే అది అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలిని గ్రహించును. పైకి రానీయకున్నచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. చెరువు అడుగంటి బురద మాత్రమే మిగిలినను కొంతకాలము బ్రతుకగలుగుటకు ఈ అవయవమే కారణము. తుంగ మొదళ్లలోను, తామరాకుల నీడను పొంచియుండి కప్పలను, చిరుచేపలను పట్టి తినును. చిన్న కప్పను గాలమునకు ఎరగా గ్రుచ్చుట ఇందుకే.

బొచ్చె, శీలావతి చేపలు నిలిచిన చెరువు నీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వాని పిల్లలను ఏటేట తెచ్చి వదలవలెను. 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో పెంపుడు చేపలచే గ్రుడ్లు పెట్టించిన పిదప ఆ పిల్లలు లభించుట సులభమైనది. కొర్రమీను అట్లు కాదు. వానలు పడగానే చెరువు అంచున, లోతు తక్కువగానున్న చోట నాచును తొలగించి, వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి నీటిపై తేలుచు ఒకటి రెండు రోజులలో పిల్లలగును. ఎర్రని చిరుపిల్లలు గుంపుగా తిరుగుచుండగా పెద్దచేపలు క్రిందనుండి కొన్ని వారములు కాపాడుచుండును.

చిక్కు ఇచటనే వచ్చుచున్నది. ఎర్రని గుంపు కనబడిన చోట కప్పను ఆడించిన పెద్దచేప వెంటనే పైబడును. ఆకలిచే కాదు, పిల్లలపైకి శత్రువు వచ్చినదని ఎంచి పైబడును. దానిని పట్టుట సులువు. కాని కాపు పోయిన పిల్లలను ఇతర చేపలు, కప్పలు, కొంగలు మ్రింగివేయును. ఒక పూట కూర కొరకు వచ్చే ఏటి పంట పోవును.

మృగశిర కార్తె నాడు చేప తినుట మనలో పలువురికి ఆచారము. ఆ దినములు కొర్రమీను గ్రుడ్లు పెట్టు కాలమునకు దగ్గరివి. ఆచారమును మానుమని మేము చెప్పము. పెంపకపు చేపతోను అది తీరును.

కావున వానకాలమున ఎర్రని గుంపు కనబడిన చోట గాలము వేయరాదు. పొరపాటున పెద్దచేప తగిలినచో వెంటనే గాలము తీసి అచటనే విడువవలెను. జానెడైనను లేని చేపను ఏ కాలమందైనను వదలవలెను. వేసవిలో చెరువు నడిమి గుంటను తోడి ఎండగట్టరాదు; మరుసటి ఏటి తల్లిచేపలు అందే తలదాచుకొనును. మత్స్యకారుల సహకార సంఘమువారు, గ్రామ పెద్దలు తొలకరికి ముందే కూర్చుండి ఈ కట్టుబాటును నిర్ణయించుకొన్నచో, ఖర్చు లేకయే చెరువున కొర్రమీను నిలుచును.