ప్లాస్మాకణ వ్యాధుల నిర్ధారణ: రక్తపరీక్ష నుండి మజ్జ పరీక్ష వరకు

మహబూబాబాద్ జిల్లాలోని కురవి వంటి వ్యవసాయ ప్రాంతాలలో వయసు మళ్లినవారి నడుము నొప్పిని పొలం పనులకు, నీరసాన్ని పోషకాహార లోపానికి ఆపాదించడం సహజం. చాలా సందర్భాలలో అది నిజమే కావచ్చు. అయితే ఎముకల నొప్పి, రక్తహీనత రెండూ చికిత్సకు లొంగక కొనసాగినప్పుడు మల్టిపుల్ మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్‌ను కూడా అనుమానించాలి.

ప్లాస్మాకణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. వాటిలో ఒకే కణం నుండి పుట్టిన సంతతి అదుపు తప్పి పెరిగితే, ఒకే రకపు ప్రొటీన్ రక్తంలో పేరుకుంటుంది. ఇదే ఎం-ప్రొటీన్. సీరం ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఇది సన్నని పట్టీగా కనిపిస్తుంది; దాని రకాన్ని ఇమ్యునోఫిక్సేషన్ తెలుపుతుంది. కొందరిలో లైట్ చెయిన్‌లు మాత్రమే ఉత్పత్తి అవుతాయి. సాధారణ మూత్రపరీక్ష స్ట్రిప్ ప్రధానంగా ఆల్బుమిన్‌నే గుర్తిస్తుంది కనుక అది వీటిని పసిగట్టలేకపోవచ్చు. అందువల్ల ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష అవసరమవుతుంది.

ఎం-ప్రొటీన్ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని తీర్మానించరాదు. అది డెసిలీటరుకు 3 గ్రాములలోపు, మజ్జలో ప్లాస్మాకణాలు 10 శాతంలోపు ఉండి, అవయవ నష్టం లేకపోతే, సాధారణంగా క్రమబద్ధమైన పరిశీలన చాలు. తుంటి ఎముక నుండి తీసిన మజ్జలో సి.డి.138 గుర్తు ఆధారంగా ఈ కణాలను లెక్కిస్తారు. కప్పా, లాంబ్డాలలో ఒకదాని ఆధిక్యాన్ని బట్టి ఏకకణ సంతతిని గుర్తిస్తారు. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ఇటువంటి కణాలు 10 శాతం లేదా అంతకుమించి ఉండి, కాల్షియం పెరుగుదల, మూత్రపిండ వైఫల్యం, రక్తహీనత, ఎముకల క్షీణత వంటి లక్షణాలలో ఒక్కటైనా వ్యాధి వలన కలిగితే మైలోమా నిర్ధారణ అవుతుంది.

కనుక ఏ ఒక్క నివేదికా తుది తీర్పు కాదు. హైదరాబాద్‌లోని నిమ్స్, ఎం.ఎన్.జె. వంటి సంస్థలకు వెళ్లే రోగి పాత రక్త, మూత్ర నివేదికలన్నింటినీ వెంట తీసుకువెళ్లడం నిర్ధారణకు ఎంతో తోడ్పడుతుంది.