నానమ్మ పెనం పోతదా, కొట్టిందా?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. అలాంటి ఓ ఇంట్లో నానమ్మ నాటి నల్లటి దోసె పెనం ఉందనుకోండి. అదెలా తయారైందో ఆ పెనాన్నే అడగవచ్చు.

ముందు బోర్లించి, వేళ్లతో తడమండి. సన్నటి ఇసుక గరుకు తగిలిందా? అయితే అది పోత ఇనుము కావచ్చు. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తారు, ఆ ఇసుక ముద్ర ఒంటి మీద మిగిలిపోతుంది. అడుగున గీతలాంటి మచ్చ కనిపిస్తే ఇంకా దగ్గరగా చూడండి. ఇనుము పోసిన దారిలో గడ్డకట్టిన ముక్కను విరగ్గొట్టిన చోటు అది. 19వ శతాబ్దపు అమెరికా పెనాలను గుర్తుపట్టేది కూడా ఈ గీతతోనే. సుత్తి దెబ్బల గుంటలు, రివెట్లతో బిగించిన పిడి ఉంటే మాత్రం అది కమ్మరి సాగగొట్టిన పెనం.

అయస్కాంతంతో లాభం లేదు, రెండిటికీ అతుక్కుంటుంది. కింద పడేసి మాత్రం చూడకండి! పోత ఇనుములో సుమారు 2 నుంచి 4 శాతం కార్బన్ ఉంటుంది. అందులో చాలా భాగం గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది, పగులు ఆ రేకుల వెంట పరుగెడుతుంది. కొట్టిన పెనం సొట్టపోతుంది, పోత పెనం పగిలిపోతుంది.

మరి లోపలి నలుపు? మసి కాదు. ఏళ్ల తరబడి నూనె వేడికి గట్టిపడి పొరగా మారింది. దాన్ని గీకెయ్యకండి. దోసె అంటుకోకుండా లేచేది దానివల్లే.